పిల్లల మధ్య ఆన్‌లైన్ వేధింపులు: ఇంట్లో, బడిలో, స్టేషన్‌లో ఏది ముందు, ఏది తర్వాత

తొమ్మిదో తరగతి అమ్మాయి ఫోటోను ఎవరో మార్ఫింగ్ చేసి వాట్సాప్ గ్రూపులో తిప్పారు. విషయం ఇంట్లో తెలిసింది. మన జిల్లాల్లో ఆ రోజు ఎలా గడుస్తుందో తెలిసిందే. నాన్న ఫోన్ లాక్కుని గ్రూపు మొత్తం డిలీట్ చేస్తాడు. మర్నాడు హెచ్ఎం ఆ అమ్మాయినీ, ఫోటో తిప్పినవాణ్ణీ ఒకే గదిలో నిలబెట్టి కేకలేస్తారు. సాయంత్రానికి ఊరి పెద్దలు రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టి రాజీ చేసేస్తారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ డిలీట్‌తో సాక్ష్యం పోయింది, ఎదురెదురుగా నిలబెట్టడంతో ఆ పిల్ల నోరు మూతపడింది. ఆ రాజీ అయితే కొన్ని సందర్భాల్లో చట్టం ముందు నిలవదు సరికదా, చేసినవారి మెడకే చుట్టుకోవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రులు, హెచ్ఎంలు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులు ఇలాంటప్పుడు ఏ వరుసలో నడవాలో ఇక్కడ ఉంది. సగం కేసులు వరుస తప్పడం వల్లే పాడవుతాయి.

మొదటి గంట: ఫోన్ జోలికి పోకుండా పిల్లతో మాట్లాడండి

పిల్లలు ఇంట్లో చెప్పకపోవడానికి పెద్ద కారణం ఫోన్ లాక్కుంటారన్న భయం. అందుకే మొదటి మాట అదే కావాలి: "ఫోన్ తీసుకోను, తిట్టను, ఏం జరిగిందో చూపించమ్మా." తల్లిదండ్రులు హైదరాబాద్‌కో చెన్నైకో పనికి వెళ్లి, పిల్లలు తాత, మామ్మల దగ్గర పెరుగుతున్న ఇళ్లు ఉద్దానంలోనూ ఇటు చీపురుపల్లి వైపూ చాలా ఉన్నాయి. అక్కడ మామ్మకు ఇన్‌స్టాగ్రామ్ తెలియనక్కర్లేదు. పిల్ల అన్నం తినకపోయినా, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నా, బడికి వెళ్లనంటున్నా కొడుక్కో కోడలికో ఒక్క ఫోన్ కొట్టి, పిల్లకు నమ్మకమైన మేనత్తనో టీచర్నో పిలిపిస్తే చాలు.

చచ్చిపోతానన్న మాట పిల్ల నోట వచ్చినా, అలా ఏదైనా రాసి పెట్టినా మిగతావన్నీ పక్కన పెట్టండి. పిల్లను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వెంటనే ప్రమాదం అనిపిస్తే 112. తర్వాత జిల్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. అవసరమైతే విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలకు తీసుకెళ్లవచ్చు. ఫిర్యాదు రేపు చేసినా ఫరవాలేదు.

సాక్ష్యం పదిలపరచడం

వాట్సాప్ సందేశాల నకలు కంపెనీ దగ్గర ఉండదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే పంపినవారి ఫోన్‌లో, అందుకున్నవారి ఫోన్లలో తప్ప ఆ మాటలు మరెక్కడా చదవడానికి దొరకవు. గ్రూపులో పాతిక మంది ఉండి పాతిక మందీ భయపడి డిలీట్ చేసుకుంటే ఇక చూపించడానికి ఏమీ మిగలదు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, ఫేక్ అకౌంట్ వంటివాటి సంగతి వేరు. వాటి సమాచారం కంపెనీ సర్వర్లలో ఉంటుంది, పోలీసులు అడిగి తెప్పించుకోగలరు. తొలగించిన పోస్టు సమాచారాన్ని 180 రోజులు దాచి ఉంచాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. పరీక్షలయ్యాక చూద్దాం, పెళ్లయ్యాక చూద్దాం అంటూ ఆరు నెలలు గడిపితే ఆ దారి కూడా మూసుకుపోవచ్చు.

చేయాల్సిన పని ఇదీ:

1. స్క్రీన్‌షాట్ తీస్తే తెర మొత్తం రావాలి. పైన గ్రూపు పేరు, సందేశం పక్కన సమయం, అదే రోజు తేదీ కనిపించాలి. ముక్క కత్తిరించి దాచుకుంటే అది ఎవరిదో తేలదు.

2. గ్రూపు సమాచారం పేజీ తెరిచి పంపినవారి నంబరు, అడ్మిన్ల నంబర్లు కనిపించేలా మరో స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్‌లో "బంటి" అని సేవ్ అయి ఉంటే ఆ పేరు పోలీసులకు దేనికీ పనికిరాదు, నంబరు కావాలి.

3. ఇన్‌స్టాగ్రామ్ అయితే ప్రొఫైల్ లింకు, పోస్టు లింకు రెండూ కాపీ చేసి విడిగా పెట్టుకోండి. యూజర్ నేమ్‌ను క్షణంలో మార్చేయవచ్చు కాబట్టి పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు.

4. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ అన్న సదుపాయంతో సంభాషణ మొత్తాన్ని ఫైలుగా దించి, మీ మెయిల్‌కు పంపుకోండి. డిసప్పియరింగ్ మెసేజెస్ (వాటంతటవే మాయమయ్యే సందేశాలు) ఆన్‌లో ఉంటే ఇది ఆ రోజే చేయాలి.

5. ఒక తెల్లకాగితం మీద వరుసగా రాయండి: ఏ తేదీ, ఏ సమయం, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఇంకెవరు చూశారు. నెల తర్వాత వాంగ్మూలం ఇచ్చేటప్పుడు పిల్లకు ఆసరా అయ్యేది ఈ కాగితమే.

6. ఇవన్నీ అయ్యాకే బ్లాక్, రిపోర్ట్. ముందే రిపోర్ట్ కొడితే చాట్ కూడా చెరిగిపోయే అవకాశం ఉంది.

ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి, అమ్మేయకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ పనిలో అసలు ఫోన్ చేతిలో ఉంటే చిక్కులు తగ్గుతాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఒకటి ఉంది. చిత్రం నగ్నంగానో లైంగికంగానో ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీయకండి. హెచ్ఎంకు, మేనమామకు, తెలిసిన విలేకరికి "ఇదిగో చూడండి" అని పంపకండి. 18 ఏళ్ల లోపు వారి అలాంటి చిత్రాన్ని పంచడం పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 15వ సెక్షన్, ఐటీ చట్టం 67బి పరిధిలోకి వచ్చే పని. దగ్గర ఉంచుకుని చెరపకపోవడం, ఫిర్యాదు చేయకపోవడం కూడా ఇబ్బందే అని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇంకా స్పష్టమైంది. లింకు, అకౌంట్ పేరు, పంపిన నంబరు, సమయం రాసుకుని ఫోన్‌ను ఉన్నదున్నట్టు స్టేషన్‌కు తీసుకెళ్లండి. టీచర్లకూ ఇదే మాట: స్టాఫ్ గ్రూపులో వేసి "ఎవరీ అమ్మాయి?" అని అడగడం సాయం అనిపించుకోదు.

ఏది ఎక్కడ తేలాలి

సైబర్ బుల్లీయింగ్ అన్న పేరుతో మన దేశంలో విడి చట్టం లేదు. చాలామంది ఇప్పటికీ చెప్పే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది, దాని కింద ఫిర్యాదు రాస్తే చెల్లదు. జరిగిన పనిని బట్టి సెక్షన్ మారుతుంది కాబట్టి ముందు ఆ పని ఏమిటో తేల్చుకోవాలి.

వెక్కిరింపు పేర్లు, గ్రూపులోంచి తీసేయడం, నత్తిగా మాట్లాడే పిల్లాడి వాయిస్ మెసేజ్‌ను అనుకరించి తిప్పడం, మీమ్స్. వీటిలో ఎక్కువ భాగం బడిలోనే, అక్కడి ఫిర్యాదుల కమిటీ (దాని సంగతి కింద ఉంది) దగ్గరే తేలాల్సినవి. స్టేషన్‌కు వెళ్తే పిల్లలిద్దరికీ మేలు జరగదు.

ఇంకొకరి పేరుతో అకౌంట్ తెరవడం, పాస్‌వర్డ్ దొంగిలించడం, చంపుతామని బెదిరించడం, వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం, డబ్బు అడగడం నేరాలు. బడి చర్యతో పాటు పోలీసు ఫిర్యాదు చేయాలా అన్నది తల్లిదండ్రులు, హెచ్ఎం కలిసి ఆలోచించుకోవాలి. డబ్బు అడిగితే మాత్రం ఆలోచన అక్కర్లేదు. పైసా కట్టకండి, ఒకసారి కట్టినవారిని మళ్లీ అడుగుతారు. అప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

లైంగిక చిత్రం, అలాంటి చిత్రం బయటపెడతామన్న బెదిరింపు, లైంగికంగా వేధించే సందేశాలు. ఇక్కడ ఎంపిక లేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు దాస్తే ఏడాది వరకు. "బడి పరువు పోతుంది, ఇక్కడితో వదిలేద్దాం" అనే యాజమాన్యం తన పీకకే ఉరి తగిలించుకుంటోంది. పెద్దల రాజీ ఇక్కడ చెల్లదు. రాజీ కుదిరిందన్న కారణంతో పోక్సో కేసు కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

"ఆ పిల్లే పంపింది కదా" అన్న మాట కూడా వినబడుతుంది. 18 ఏళ్ల లోపు వారి సమ్మతికి పోక్సోలో విలువ లేదు. పోక్సో మగపిల్లలకూ వర్తిస్తుంది. అబ్బాయిల మీద జరిగేవాటిని సరదాగా కొట్టిపారేయడం మన దగ్గర మరీ ఎక్కువ. యాప్‌తో ముఖం అతికించి చేసిన నకిలీ చిత్రమైనా సరే, 2019 సవరణ తర్వాత అది పిల్లల అశ్లీల చిత్రాల కిందికే వస్తుంది. నిజం ఫోటో కాదు కాబట్టి ఫరవాలేదన్న వాదన నిలబడదు.

దరఖాస్తులో ఉపయోగపడే సెక్షన్లు

సెక్షన్ పోలీసులే వేస్తారు, మీరు కంఠతా పట్టక్కర్లేదు. అయినా తెలిస్తే మాట తూకంగా ఉంటుంది. ఐటీ చట్టంలో 66సి ఇంకొకరి గుర్తింపు, పాస్‌వర్డ్ వాడుకోవడం గురించి, 66డి మారుపేరుతో మోసం గురించి (రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా). 66ఇ అనుమతి లేకుండా అంతరంగ చిత్రాలు తీయడం, పంచడం. 67బి పిల్లల లైంగిక చిత్రాలకు సంబంధించింది, మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. పోక్సో 11, 12 సెక్షన్లు లైంగిక వేధింపుకు, మూడేళ్ల వరకు. పిల్లను ఆన్‌లైన్‌లో పదే పదే వెంటాడటం, నిజమో నకిలీదో చిత్రం బయటపెడతానని బెదిరించడం 11లోనే ఉన్నాయి.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. అమ్మాయిలను ఆన్‌లైన్‌లో వెంటాడటం 78, మాటతో, చేష్టతో అవమానించడం 79, బెదిరింపు 351, బెదిరించి డబ్బు గుంజడం 308, పరువునష్టం 356. ఈ చివరిదాన్ని పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేరు, మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాలి. కాబట్టి ఉత్త పుకారు కేసులో ఎస్సై "కోర్టుకు వెళ్లండి" అంటే అది తప్పించుకోవడం కాకపోవచ్చు. కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించే అవకాశం ఉంది. దాని దర్యాప్తు డీఎస్పీ చేస్తారు, ఆ మాటలు యథాతథంగా దరఖాస్తులో రాయాలి. "అసభ్యంగా దూషించారు" అని మర్యాదగా రాస్తే కేసు బలం సగం పోతుంది.

చిత్రాన్ని తీయించడం

లింకు, సమయం రాసుకోవడం అయ్యాక యాప్‌లోనే రిపోర్ట్ కొట్టండి. కారణం అడిగినచోట నగ్నత్వం లేదా మారుపేరు అకౌంట్ అని సరైనదే ఎంచుకోండి. నచ్చలేదు అన్న కారణం ఎంచుకుంటే అది అట్టడుగుకు పోతుంది. నగ్న చిత్రం, మార్ఫింగ్, మారుపేరు అకౌంట్ల ఫిర్యాదుపై చర్యకు 2021 నిబంధనలు 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణ దాన్ని రెండు గంటలకు తగ్గించింది. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పట్టించుకోకపోతే కేంద్రం 2023లో ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లో అప్పీలు వేయవచ్చు. ఆన్‌లైన్‌లోనే, లాయరు లేకుండానే.

టేక్ ఇట్ డౌన్ అన్న ఉచిత సేవ కూడా ఉంది. 18 ఏళ్ల లోపు ఉన్నప్పుడు తీసిన చిత్రాలకు పనికొస్తుంది. చిత్రం మన ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది. ఆ ముద్రతో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటివి చిత్రాన్ని పట్టి ఆపుతాయి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదాన్ని మాత్రం ఇది ఆపలేదు.

పోలీసుల దగ్గర

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన విభాగం విడిగా ఉంది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలూ అందులో ఉంది, కానీ అలా చేసినదాని పురోగతి మీకు తెలియదు. సొంత బిడ్డ విషయమైతే ఫోన్ నంబరుతో లాగిన్ అయి, ట్రాకింగ్ ఉన్న దారిలోనే చేయండి, వచ్చిన నంబరు రాసి పెట్టుకోండి. పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే ఎఫ్ఐఆర్ అయిపోయినట్టు కాదు. ఇక్కడే చాలామంది నిశ్చింతగా కూర్చుంటారు. రెండు రోజుల్లో కబురు లేకపోతే ఆ నంబరు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లాలి.

దరఖాస్తు తెలుగులో, ఒకటిన్నర పేజీ దాటకుండా, ముందు చెప్పిన వరుసలో రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదానిపై తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదీకి ఉచితం. ఐటీ చట్టం కేసులను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గనివారే దర్యాప్తు చేయాలి, కాబట్టి ఎస్సై "సీఐ గారి దగ్గరకు" అంటే అది సహజమే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక హద్దుల గందరగోళం ఇంకా వినిపిస్తుంది. రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పిల్ల చదివేది ఒక జిల్లా, ఇల్లు మరో జిల్లా, వేధించిన వాడు విశాఖలో. "మా పరిధి కాదు" అన్న మాట వినాల్సిన పని లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 కింద ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి తర్వాత బదిలీ చేయాలి. ఆన్‌లైన్‌లో పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడ రసీదు దొరుకుతుంది, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాల్సి వస్తే అది అక్కరకొస్తుంది.

పోక్సో కేసులో పిల్ల స్టేషన్ మెట్లు ఎక్కనక్కర్లేదు. వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, పిల్ల కోరినచోటో, వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. రాత్రి పూట స్టేషన్‌లో ఉంచకూడదు. స్టేషన్‌కు వెళ్లడానికే జంకితే సచివాలయం మహిళా పోలీసును, లేదా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098ను అడగండి. పిల్లలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100.

అవతలి వాడూ పిల్లాడే అయితే

ఎక్కువ కేసుల్లో అంతే. "పోలీసు కేసు పెడితే వాడి జీవితం పోతుంది" అన్న భయం రెండు కుటుంబాల్నీ రాజీ వైపు తోస్తుంది. బాల న్యాయ చట్టం 2015 అలా నడవదు. ఏడేళ్లు, ఆపైన కనీస శిక్ష ఉన్న తీవ్ర నేరాలకు, పెద్దలతో కలిసి చేసినవాటికి తప్ప 18 ఏళ్ల లోపు వారిపై ఎఫ్ఐఆర్ కాకుండా డైరీలో నమోదు చేసి, సామాజిక నేపథ్య నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు (పిల్లల కేసులు విచారించే బోర్డు) పంపాలని 2016 నమూనా నిబంధనలు చెబుతున్నాయి. లాకప్ ఉండదు, సంకెళ్లు ఉండవు. 24వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డు తర్వాత ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అడ్డం రాదు. దీనికి మినహాయింపు 16 దాటి తీవ్ర నేరంలో పెద్దవాడిగా విచారణకు వెళ్లిన సందర్భమే. ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదు.

ఇద్దరిలో ఎవరి పేరూ, ఫోటో, బడి పేరూ బయట పెట్టకూడదు. బాల న్యాయ చట్టం 74 కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. లోకల్ యూట్యూబ్ ఛానెల్ మైకు పట్టుకుని గేటు ముందుకొస్తే హెచ్ఎం చెప్పాల్సింది "మాట్లాడలేం" అన్న ఒక్క మాటే.

బడి విధానం: నాలుగు పేజీలు చాలు

"అది ఇంటి దగ్గర ఫోన్‌లో జరిగింది, మాకేం సంబంధం?" అన్నది బడుల నుంచి తరచూ వినిపించే జవాబు. బడిలో ఫోన్లు నిషేధం కాబట్టి ఇవన్నీ సాయంత్రం నాలుగు దాటాకే జరుగుతాయి, పర్యవసానం మాత్రం మర్నాడు పొద్దున్న తరగతిలో కనిపిస్తుంది. కాబట్టి విధానంలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "ఎక్కడ, ఏ సమయంలో, ఎవరి ఫోన్‌లో జరిగినా, మా విద్యార్థి బడిలో చదువుకోవడానికి అది అడ్డమైతే ఈ నియమాలు వర్తిస్తాయి."

ఈ ఫిర్యాదులు చూసే కమిటీలో హెచ్ఎం, ఒక సీనియర్ టీచరమ్మ, కంప్యూటర్ తెలిసిన టీచరు, తల్లిదండ్రుల కమిటీ నుంచి ఇద్దరు (ఒకరు తల్లి), సచివాలయం మహిళా పోలీసు ఉంటే సరిపోతుంది. తొమ్మిది, పది తరగతుల నుంచి ఇద్దరు పిల్లలను తీసుకోవచ్చు, లైంగిక విషయాల్లో మాత్రం వాళ్లను కూర్చోబెట్టకండి. సీబీఎస్ఈ బడులకు బుల్లీయింగ్ నిరోధక కమిటీ గురించి 2015లోనే సర్క్యులర్ వచ్చింది. విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. ప్రైవేటు బడిలో ఫీజు కట్టేటప్పుడు "మీ కౌన్సెలర్ ఎవరు?" అని అడగండి, అడిగే హక్కు మీకుంది. ఇంటర్ కాలేజీలకు 1997 రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం కూడా వర్తిస్తుంది.

గడువులు రాసి పెట్టకపోతే ఫిర్యాదు సొరుగులోనే ఉండిపోతుంది. మేం సూచించే కొలత: ఫిర్యాదు అదే రోజు హెచ్ఎంకు చేరాలి, 24 గంటల్లో రెండు ఇళ్లకూ కబురు, మూడు రోజుల్లో పిల్లలతో విడివిడిగా మాటలు, వారంలో నిర్ణయం. పోక్సో విషయమైతే ఈ గడువులేవీ లేవు, తెలిసిన రోజే పోలీసులకు. అప్పుడు బడి సొంత విచారణ పెట్టి పిల్లను పదే పదే అడగకూడదు. నాలుగుసార్లు చెప్పిస్తే నాలుగు రకాలుగా వస్తుంది, అవతలి లాయరుకు అదే కావాలి.

పేజీల నంబర్లున్న రిజిస్టరు ఒకటి పెట్టండి. అందులో పేర్లు కాకుండా సంఖ్యలు వాడండి, పేర్ల జాబితా హెచ్ఎం బీరువాలో ఉండాలి. ఫిర్యాదు పెట్టెను ఆఫీసు ముందు పెడితే ఎవరూ వేయరు. అమ్మాయిల టాయిలెట్ దారిలో ఒకటి, నీళ్ల కుళాయి దగ్గర ఒకటి పెట్టండి. వారానికి రెండుసార్లు ఇద్దరు కలిసి తెరవాలి.

పిల్లాడి దగ్గర ఫోన్ దొరికితే టీచరు దాన్ని స్విచాఫ్ చేయించి, కవరులో పెట్టి, పేరు రాసి, సంతకం తీసుకుని తల్లిదండ్రులకే ఇవ్వాలి. గ్యాలరీ తెరిచి వెతకడం టీచరు పని కాదు. అందులో ఏదైనా కనిపిస్తే ఆ టీచరే సాక్షి అవుతారు, ఏదైనా చెరిగితే నింద కూడా పడుతుంది.

శిక్షల్లో చేయకూడనివి ముందు రాయండి. కొట్టడం, ప్రార్థనలో నిలబెట్టి క్షమాపణ చెప్పించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌కు విరుద్ధం. టీసీ ఇచ్చి పంపేయడం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా 16వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఆ పైతరగతుల్లో కూడా టీసీ వల్ల సమస్య పక్క బడికి మారుతుందంతే, ఫోన్, గ్రూపు అవే ఉంటాయి. చేయదగ్గవి: పోస్టు తన చేత్తో తీయించడం, ఫార్వర్డ్ చేసినవారందరి చేతా తీయించడం, తల్లిదండ్రుల సమక్షంలో రాతపూర్వక హామీ, కొన్ని వారాలు ఫోన్ ఇంట్లో పెద్దల దగ్గర ఉంచడం, కౌన్సెలింగ్. ఫార్వర్డ్ చేసినవారిని వదిలేసి మొదట పెట్టినవాణ్ణే పట్టుకోవడం చాలా బడులు చేసే లోపం. ఆ పిల్లను రోజూ ఏడిపించేది ఆ ఇరవై మందే.

తరగతి వాట్సాప్ గ్రూపులు కరోనా కాలంలో పెట్టినవి ఇంకా నడుస్తున్నాయి. అమ్మాయిల నంబర్లు బయటికి పోయే దారుల్లో ఇదొకటి. పిల్లల నంబర్లు తీసేసి తల్లిదండ్రులవే ఉంచండి, అడ్మిన్లు మాత్రమే సందేశం పంపేలా సెట్టింగ్ మార్చండి, ఏడాది చివర గ్రూపు మూసేయండి. మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) రోజున తల్లిదండ్రులు చేతిలో ఫోన్‌తోనే వస్తారు కదా, గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చన్న సెట్టింగ్‌ను కాంటాక్ట్స్‌కు మార్చడం అక్కడే చేయించేయవచ్చు.

నిర్ణయం అయ్యాక

నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత మరోసారి కమిటీ పిల్లను విడిగా అడగాలి. "బాగున్నావా?" అని అడిగితే బాగున్నాననే చెబుతుంది. కొత్త అకౌంట్ ఏదైనా వచ్చిందా, భోజనం ఎవరితో చేస్తున్నావు, బస్సులో ఎక్కడ కూర్చుంటున్నావు అని అడగాలి. తరగతి, సెక్షన్, బస్సు మార్చాల్సి వస్తే మారాల్సింది వేధించిన వాడు. సౌకర్యం పేరుతో బాధితురాలిని మారిస్తే శిక్ష ఆమెకే వేసినట్టు.

పోలీసులు ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామా (స్వాధీనం చేసుకున్నట్టు రాసే కాగితం) నకలు తీసుకోండి, అందులో ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు ఉందో లేదో చూసుకోండి. సిమ్ తిరిగి ఇస్తారేమో అడగండి. ఇంటి బ్యాంకు, రేషన్ ఓటీపీలన్నీ ఆ నంబరుకే వచ్చే ఇళ్లు ఎక్కువ. ఫోరెన్సిక్ పరీక్ష ముగిశాక ఫోన్ ఇప్పించమని మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు, న్యాయ సేవాధికార సంస్థ లాయరే అది వేస్తారు.